ఫ్రూట్ సలాడ్‌లో చీనీకాయ వేయొచ్చా?

మా కదిరిలో నరసింహస్వామి తేరు అంటే ఇంటి నిండా చుట్టాలే. మార్చి ఎండలో తేరు మీద దవనం, మిరియాలు చల్లి అలసిపోయి వచ్చేవాళ్లకు ఈసారి చల్లగా ఫ్రూట్ సలాడ్ పెడతానని అమ్మకు మాటిచ్చా. బెంగళూరు రూమ్‌లో వీకెండ్ వస్తే చేసేదే కదా!

లెక్క సింపుల్. అర లీటరు పాలకు రెండు స్పూన్ల కస్టర్డ్ పౌడర్, నాలుగు స్పూన్ల చక్కెర. పౌడర్‌ని ముందు కాసిన్ని చల్లటి పాలలో కలుపుకోవాలి. నేరుగా వేడి పాలలో వేస్తే ఉండలు కడుతుంది. సన్న మంట మీద చిక్కబడేదాకా గరిటె ఆపకూడదు. ఈ పౌడర్‌లో ఎక్కువ భాగం మొక్కజొన్న పిండే. భార్యకు గుడ్లు పడవని 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన గుడ్డు లేని కస్టర్డ్ కనిపెట్టాడు.

కస్టర్డ్ పూర్తిగా చల్లారాక ఆపిల్, ద్రాక్ష, దానిమ్మ గింజలు వేశా. అరటిపండు నల్లబడుతుంది కాబట్టి చివర్లో వేద్దామని పక్కన పెట్టా. అప్పుడే నాయన తోట నుంచి సంచి నిండా చీనీకాయలు తెచ్చాడు. బత్తాయిని మా వైపు అలాగే అంటాం.

"ఇవి కూడా ఎయ్ రా."

"వద్దు నాయనా, పులుపుకు పాలు విరిగిపోతాయి."

"సరేలే" అని సంచి గడప దగ్గర పెట్టి వెళ్లిపోయాడు.

అమ్మ మెల్లగా చెప్పింది. "రెండో బోరు కూడా ఎండిపాయ. ట్యాంకర్ నీళ్లతో ఎన్నాళ్లు తడుపుతాడు? ఈ కాపు అయినాక చెట్లు కొట్టేస్తాడంట. నీకు చెప్పొద్దన్నాడు."

ప్రతి ఆదివారం ఫోన్ చేస్తా. "తిన్నారా, ఎండలెట్లున్నాయి" దగ్గరే మా మాటలు అయిపోతాయి. నా బీటెక్ ఫీజు నాలుగేళ్లూ కట్టింది ఆ చెట్లే. ఆ కాయల్నే నేను వద్దన్నాను.

సంచి విప్పి కూర్చున్నా. తొనల మీది తెల్ల పొర, గింజలు తీసేసి వేరే గిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టా. కస్టర్డ్‌లో నానబెడితేనే కదా విరిగేది! రెండు గంటలయ్యాక అరటి ముక్కలు కలిపి కప్పుల్లో పోసి, అందరూ కూర్చున్నాక పైన నాలుగేసి తొనలు పెట్టి ఇచ్చా. విరిగే టైమ్ ఎక్కడుంది? ఐదు నిమిషాల్లో కప్పులు ఖాళీ. తీపి మధ్యలో ఆ పులుపు తగులుతుంటే భలే ఉంది.

నాయన ముందు చీనీ తొనే ఏరుకున్నాడు. పక్కనున్న మామతో "మన తోటదే" అన్నాడు. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

చెట్లు ఉంచాలా కొట్టేయాలా అన్నది ఇంకా తేలలేదు. ఈ నెల ట్యాంకర్ డబ్బులు నేను పంపా. అది ఎన్నాళ్లు సరిపోతుందో లెక్క కూడా వేసి చూశా, ఎక్కువ రోజులు రాదు. ఇప్పుడు ఆదివారం ఫోన్‌లో "తిన్నావా నాయనా" తర్వాత "ట్యాంకర్ వచ్చిందా" అని అడుగుతున్నా. మొదట్లో "ఆ" అని ఊరుకునేవాడు. మొన్న మాత్రం ఏ వరుసలో ఎన్ని చెట్లు పచ్చగా ఉన్నాయో పది నిమిషాలు చెప్పాడు.