ఆ యింటి బిడ్డ

బిడ్డను సాకుటకు జీతమిచ్చి పెట్టుకొన్న స్త్రీ పనిని అంట్లు తోముట, ఇల్లు తుడుచుట మొదలైన పనుల వరుసలో చేర్చి మాటాడుట మనకు పరిపాటి. నాకా వరుస యెన్నడును సరియని తోచలేదు. తోమిన గిన్నె తోమినవారి మాటను నేర్చుకొనదు. వారి భయమును గాని, భక్తిని గాని, ఏవగింపును గాని తనలో దాచుకొనదు. శిశువు వీనినన్నింటిని గ్రహించును. ముద్ద నోటికందించునప్పుడు ఆ స్త్రీ ముఖమున కదలాడిన భావము సైతము దానికొక పాఠమే. కనుక పరుల బిడ్డను పెంచు స్త్రీ ఆ బిడ్డ దేహమునకే కాక, ఆ యింటివారు తరతరములుగా నిలుపుకొనుచు వచ్చిన ఆచారమునకును కొంతకాలము కావలిగా నుండవలసినదగుచున్నది. ఆ యాచారము తనది కానప్పుడు ఆ కావలి మరింత మెలకువను, మరింత మర్యాదను కోరును.

ఇది తెలుగువారికి దూరపు ముచ్చట కాదు. రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు ప్రాంతములనుండియు, గోదావరి జిల్లాల పల్లెలనుండియు ఎందరో స్త్రీలు తమ పిల్లలను తల్లులకో అత్తలకో అప్పగించి, కువైట్‌లో ముస్లిము కుటుంబముల బిడ్డలను పెంచుటకు పోవుచున్నారు. వారిలో హిందువులు కలరు, క్రైస్తవులు కలరు, ముస్లిములును కలరు. వారు పంపిన దీనారములతో ఊరిలో లేచిన డాబాను చూచి కువైట్ సొమ్మని చెప్పుకొనుటయే గాని, ఆ సొమ్ము వెనుకనున్న విద్యను గూర్చి మనమాలోచించినది మిక్కిలి తక్కువ.

ఇస్లాము సంప్రదాయములో పెంచిన తల్లికి గల స్థానము మనమూహించుకొనుదానికంటె ఉన్నతమైనది. మహమ్మదు ప్రవక్త తన శైశవమును ఎడారిలోని బనూ సఅద్ తెగకు చెందిన హలీమా యొడిలో గడిపెను. ఆరవయేట కన్నతల్లి ఆమినా గతించిన పిమ్మట ఆయనను సాకినది బరకా యను అబిసీనియా దేశపు స్త్రీ; ఆమెయే అనంతర కాలమున ఉమ్మె ఐమన్ అని ప్రసిద్ధి గాంచినది. ప్రవక్త పెద్దయైన పిమ్మట హలీమా చూడవచ్చినప్పుడు ఆయన తన ఉత్తరీయమును నేలపై పరచి ఆమెను కూర్చుండబెట్టెనని సంప్రదాయ కథనము. పాలిచ్చి పెంచిన స్త్రీ తల్లియే యనియు, ఆమె బిడ్డలు తోబుట్టువులే కనుక వారితో వివాహము నిషిద్ధమనియు ఖురాను విధించినది. అక్బరు పాదుషా దాది మాహమ్ అంగా 1561లో ఢిల్లీ పురానా కిలా కెదురుగా మసీదు కట్టించునంతటి ప్రాభవమును పొందెను. నేటి ఆయాలు పాలిచ్చువారు కారు, పాదుషాల యిండ్లలో ఉండువారును కారు. ఐనను, తాను అడుగిడుచున్న యింటి ధర్మమే తన వృత్తికొక గౌరవాసనము వేసియుంచినదని రాజంపేట నుండి విమానమెక్కబోవు స్త్రీకి ఎవరైన ముందుగా చెప్పియుండిన, ఆమె ఆ గడపను భయముతో కాక ఆత్మగౌరవముతో దాటును గదా!

నాకు అక్క వరుసయగు ఒకామె కువైట్‌లో ఒకే యింట ఇద్దరు బిడ్డలను పసికందులనాటి నుండి పెంచి తిరిగివచ్చినది. ఆమెకు చదువు స్వల్పము, వివేకము అపారము. ఆ యిల్లు తనకెట్లు అలవడినదని నేనడుగగా ఆమె యిట్లనెను: "తెలీనిదాన్ని తెలుసుననుకొని చేస్తేనే తప్పు అబ్బీ. నేను ప్రతిదీ అడిగినాను. అడిగినందుకు ఆ తల్లి ఏనాడూ కోప్పడలే." పరమతస్థుల యింట మెలగవలసిన తీరును గూర్చి నేను విన్న మాటలలో ఇంతకంటె ఉపయుక్తమైనది లేదు. మనలో చాలమంది అడుగుటను అజ్ఞానముగా భావించి, ఊహతో కాలము గడుపుదురు. ఊహ యెంత సదుద్దేశముతో కూడినదైనను పరుల బిడ్డ విషయమున అది సాహసమే.

భోజన విషయమునే చూడుడు. పందిమాంసము, మద్యము నిషిద్ధములని ఎరుగనివారు లేరు. వాని అమ్మకము కువైట్‌లో చట్టరీత్యా కూడదు కనుక అక్కడి అంగడి వస్తువులతో చిక్కును తక్కువ. చిక్కు వచ్చునది వేసవిలో ఆ కుటుంబము ఏ యూరపు నగరమునకో పోవుచు ఆయాను వెంటగొనిపోయినప్పుడు. పిల్లవాడు చేయిచాచిన రంగురంగుల జెల్లీ మిఠాయిలోని జెలటిన్ ఏ జంతువుదో, కేకులో వేసిన వెనిలా సారములో సారాయి కలదో లేదో డబ్బాపై చదివి గాని, తల్లినడిగి గాని పెట్టవలసియుండును; ఏడ్చు పిల్లవానిని ఊరుకోబెట్టుటకు ఒక్కటే కదా యని పెట్టుట సులభము, పెట్టకుండుటయే పని. దీనికంటె సూక్ష్మమైనది ప్రసాదము మాట. ఊరినుండి వచ్చినవారు తిరుపతి లడ్డు తెత్తురు. మనకది పరమపవిత్రము, ప్రేమించిన బిడ్డ నోట చిటికెడు వేయవలెనని మనసు తహతహలాడును. కాని అన్యదేవతలకు నివేదించిన యాహారము తమకు తగదని పలువురు ముస్లిములు నిష్ఠతో పాటింతురు. అది మన దేవుని తిరస్కరించుట కాదు, తమ వ్రతమును నిలుపుకొనుట. ఏకాదశి నాడు అన్నము ముట్టని మన ముసలమ్మలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. తల్లికి తెలియకుండ పెట్టిన చిటికెడు లడ్డు ఆ బిడ్డకే హానియు చేయకపోవచ్చును. ఆ తల్లి నమ్మకమును మాత్రము తప్పక చెరచును.

కుడిచేతితో తినిపించుట, మలవిసర్జనానంతరము నీటితో శుభ్రము చేయుట, గడపలో చెప్పులు విడుచుట మొదలైనవి మనకు పుట్టుకతో వచ్చినవే. ఖురాను గ్రంథమును నేలపై నుంచరాదు, దానిపై వేరొక వస్తువు నుంచరాదు, శుచిగా గాని తాకరాదు. పుస్తకమునకు కాలు తగిలినచో కన్నులకద్దుకొను జాతికి ఇదియును క్రొత్త కాదు. నమాజు చేయువారి ముందునుండి నడువకుండుట నేర్చుకొనవలెను. అక్క మొదటి దినములలో తల్లి సాష్టాంగపడినప్పుడు పిల్లవాడు ఆమె వీపుపైకెక్కుట చూచి, అపచారమని భయపడి పరుగున వచ్చి లాగివేసెడిదట. నమాజు ముగిసిన పిమ్మట ఆ తల్లి నవ్వి, ప్రవక్త మనుమడు ఇట్లే వీపెక్కగా ఆయన వాడు దిగువరకును సాష్టాంగమును పొడిగించిన కథను చెప్పినదట. నిష్ఠ యెంత గట్టిదో దానిలోని వాత్సల్యమును అంత గట్టిదని ఆమెకు తెలిసినది ఆనాడే.

గోప్యమునకు సంబంధించిన నియమము నన్ను మిక్కిలి ఆకర్షించినది. ఉషఃకాల ప్రార్థనకు ముందు, మధ్యాహ్నము వస్త్రములు సడలించుకొని విశ్రమించు వేళ, రాత్రి ప్రార్థన ముగిసిన పిమ్మట, ఈ మూడు సమయములందును యింటి సేవకులును, చిన్నపిల్లలును సైతము అనుమతి పొందియే పెద్దల గదిలోనికి రావలెనని ఖురాను ఇరువదినాలుగవ అధ్యాయము చెప్పుచున్నది. సేవకులను, పసివారిని ఒకే వాక్యమున పేర్కొని ఇరువురికిని ఒకే మర్యాద నేర్పిన ఆ నియమము ఆయా పనికి అక్షరాల అన్వయించును: తాను తలుపు తట్టి నిలిచినప్పుడు ప్రక్కనున్న బిడ్డయు తట్టుట నేర్చుకొనును. పురుషులు కొలువుతీరు దివానియాలోనికి పోకుండుట, గృహస్థుతో ఒంటరిగా గదిలో నిలువకుండుట ఆమెకును రక్షణయే.

రంజాను మాసమున ఇంటి గడియారమే మారిపోవును. రాత్రి పగలగును; తెల్లవారకముందే సహరీ భోజనము, సూర్యాస్తమయమున ఉపవాసము విడుచు ఇఫ్తారు. యుక్తవయస్సు రాని పిల్లలకు ఉపవాసము విధి కాదు. ఐనను ఏడెనిమిదేండ్లవారు పెద్దలను చూచి తామును ఉందుమని పంతము పట్టుదురు. అప్పుడు ఆయా జాలితో రహస్యముగా బిస్కత్తు చేతిలో పెట్టరాదు. కండ్లు తిరుగుచుండగా చూచియు ఊరకుండరాదు. ఎంతవరకు ఉండనీయవలెనో తల్లి నిర్ణయమును ముందే తెలిసికొనవలెను. ఉపవాసవేళ బహిరంగ స్థలమున తినుట కువైట్‌లో శిక్షార్హమైన నేరము కనుక ఆయా తన భోజనమును లోపలనే కానిచ్చుకొనవలెను. మాసము నడుమ వచ్చు గిర్గియాన్ నాటి సాయంకాలములలో మాత్రము ఆయా పని పండుగయే: క్రొత్త దుస్తులు తొడిగిన పిల్లలు సంచులు పట్టుకొని పాటలు పాడుచు ఇంటింటికి పోయి మిఠాయిలు, బాదము పిస్తాలు సేకరింతురు. ఆ పాటను ఆయా నేర్చుకొని గొంతు కలిపిన పిల్లల సంతోషమునకు మేర యుండదు.

పాట యనగా జ్ఞప్తికి వచ్చినది. మన జోలపాటలలో రాముడు, కృష్ణుడు లేని పాటలు ఎన్ని కలవు? నిద్రపట్టని పసివానిని భుజమున వేసికొన్నప్పుడు తెలుగు స్త్రీకి అప్రయత్నముగా నోట వచ్చునది ఆ పాటయే. అక్క కొన్నాళ్లు పాడి, పిమ్మట సందేహము కలిగి, తల్లి కడకు పోయి, వచ్చీరాని అరబ్బీలో "ఈ పాటలో మా దేవుని పేరుంది, పాడొచ్చునా?" అని యడిగెను. ఆ తల్లి కొంతసేపు ఆలోచించి, పాట ఇంపుగా నున్నది, మానవద్దు, పేరొక్కటి మార్చుమనెను. అటుపిమ్మట దేవుని పేరున్న చోట పిల్లవాని పేరు చేరినది, రాగమదియే, తూగదియే. ఇందువలన రాముడు పోయినాడని కినిసినవారు మా వీథిలోనే ఉండిరి. నేనంగీకరింపను. ఆమె తన గదిలో, తన పెట్టెలో, యజమానురాలి యెరుకతోనే తన దేవుని పటమును ఉంచుకొన్నది. ఉదయము దానికి మ్రొక్కినది. తన భక్తి తనదిగా నిలిచినది కనుకనే ఇంకొకరి భక్తికి చోటిచ్చుట ఆమెకు కష్టము కాలేదు. ఖురానును తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావుగారు ముస్లిము కారు. పరుల పవిత్ర గ్రంథమును అక్షరమక్షరము శ్రద్ధతో తెలిగించినందున వారి ధర్మమునకేమి లోపము వచ్చినది?

అన్నింటికంటె కఠినమైన ఘట్టము పిల్లలకు మాటలు, ఆలోచనలు వచ్చిన పిమ్మటనే వచ్చును. "నువ్వు నమాజు ఎందుకు చెయ్యవు?" అని ఐదేండ్ల పిల్ల కండ్లలోనికి చూచి అడుగును. సిగ్గుపడి దాటవేయవచ్చును, తన మతమును బోధింపవచ్చును, లేదా ఏదో యొక అబద్ధము చెప్పవచ్చును. అక్క చెప్పినది ఇంతే: "నేను వేరే మాదిరి మొక్కుకుంటాను బంగారూ. నీకు మీ అమ్మ నేర్పించిందే నీది." ఆ సాయంకాలమే ఆమె ఆ ప్రశ్నను, తన జవాబును తల్లికి చెప్పివేసినది. జవాబు మంచిదే, కాని నాకు ఎక్కువగా నచ్చినది ఆ చెప్పివేయుట. బిడ్డ మనసులో మొలకెత్తిన ప్రశ్న తల్లిదండ్రులదని, దానిని తాను దాచుకొనరాదని ఆమె యెరుగును. అదే విధముగా ఆ యింటివారును ఆమెను మతము మార్చుకొమ్మని ఏనాడును కోరలేదు. మత విషయమున బలవంతమును వారి గ్రంథమే నిషేధించినదని ఆ యింటి పెద్దాయన పలుమారు చెప్పెడివాడట.

ఇంతవరకు ఆయా చూపవలసిన మర్యాదను చెప్పితిని. ఆమెకు చూపవలసినది చెప్పక విడిచిన అన్యాయమగును. సేవకులకు తాము తిన్నదే పెట్టవలెననియు, శక్తికి మించిన పని మోపరాదనియు, చెమట ఆరకముందే కూలి చెల్లింపవలెననియు ప్రవక్త వచనములగు హదీసులు ఆదేశించుచున్నవి. కువైట్ ప్రభుత్వము 2015లో చేసిన 68వ సంఖ్య చట్టము గృహసేవకులకు దినమునకు పండ్రెండు గంటలకు మించని పనిని, వారమునకొక సెలవు దినమును, ఏటికొక నెల జీతముతో కూడిన సెలవును, పని ముగించి పోవునప్పుడు ఏటికొక నెల జీతము చొప్పున పారితోషికమును విధించినది; మరుసటి యేట కనీస వేతనము 60 దీనారములని నిర్ణయింపబడినది. పాసుపోర్టును యజమాని తనవద్ద ఉంచుకొనుట చట్టవిరుద్ధము. ఇవి కాగితముపై కలవు. రాత్రి ఏడ్చు పసికందునకు గంటల లెక్క తెలియదు, దాని ప్రక్కన మేల్కొన్న స్త్రీ నిద్రను లెక్కించువారు లేరు. నెలల తరబడి జీతము రాక, పాసుపోర్టు చేతలేక, ఇంటికి ఫోను సైతము చేయలేక కుమిలినవారి కథలు మన పల్లెలలో విన్నాను. నమాజును తప్పని గృహస్థు జీతమును తప్పించుట తన ధర్మమును తానే తప్పుట యని చెప్పుటకు నాకు సంకోచము లేదు. మర్యాద పేరిట ఇట్టి బాధను సహింపుమని ఏ స్త్రీకిని ఎవరును ఉపదేశింపకుందురు గాక.

విదేశములకు పనికి పోవువారికి తోడ్పడుటకు ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అను ప్రభుత్వ సంస్థలు కలవు. యంత్రములను వాడుట, నాలుగు అరబ్బీ మాటలు పలుకుట నేర్పినంత మాత్రమున చాలదని నా మనవి. రాయచోటిలోను కడపలోను బిడ్డలను పెంచిన ముస్లిము తల్లులు ఇంటింట నున్నారు. వారిని పిలిచి, గౌరవముగా కుర్చీ వేసి, పోబోవు స్త్రీల సందేహములను వారినడుగనీయవలెను. అందరి యిండ్లును ఒక్కతీరు కావనియు వారే చెప్పుదురు: మన యూళ్లలో మొహర్రమునకు వచ్చు పీర్ల పండుగ యన్న డప్పులు, పులివేషాలు, గుండమునకు మ్రొక్కులు; కువైట్‌లోని షియా కుటుంబమున మొహర్రము తొలి పది దినములు శోకదినములు, అప్పుడు బిడ్డకు పట్టుచొక్కా తొడుగరాదు, ఇంట సంగీతము పెట్టరాదు. ఈ భేదమును మన యూరిలోనే విని పోయిన స్త్రీ అక్కడ మొదటి దినముననే తల్లి నేమడుగవలెనో తెలిసి పోవును; అదే తరగతిలో ఒడంబడిక ప్రతిని ఆమె చేతికిచ్చి, సెలవు దినము, జీతము, పాసుపోర్టు వ్రాసియున్న పంక్తులను తెలుగులో చదివి వినిపింపవలెను.