కొత్త ల్యాప్‌టాప్‌లో ముందే ఉన్నవి

ఇవాళ కంప్యూటర్ షాపులో ఇంజనీరింగ్‌లో చేరబోయే ఒక అమ్మాయి, వాళ్ల నాన్న.
ర్యామ్ ఎంత, ఈఎంఐ ఎంత, బ్యాగ్ ఇస్తారా... అన్నీ అడిగారు. స్క్రీన్ మీద అప్పటికే ఉన్న ప్రోగ్రాములు ఎవరివని మాత్రం అడగలేదు. వాళ్లని తప్పుపట్టలేం, అడగాలని ఎవరూ చెప్పరు.

ఎందుకు అడగాలంటే, 2014 చివర్లో లెనోవో అమ్మిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ ముందే వేసి ఉంది. అది బ్రౌజర్‌కీ బ్యాంకు సైటుకీ మధ్యలో దూరి, సైటు అసలైనదని చెప్పే సర్టిఫికెట్ బదులు తన సొంతది చూపించేది. తాళం గుర్తు మామూలుగానే కనిపించేది!

అంతకన్నా ఘోరం, ఆ మెషీన్లన్నిటిలో సూపర్‌ఫిష్ సర్టిఫికెట్ రహస్య కీ ఒక్కటే. 2015 ఫిబ్రవరిలో రాబర్ట్ గ్రాహం అనే పరిశోధకుడు కొన్ని గంటల్లోనే దాని పాస్‌వర్డ్ కనిపెట్టేశాడు. ఇక అదే వైఫైలో ఉన్న దొంగ ఎవరైనా ఆ మెషీన్ల దగ్గర బ్యాంకులా నటించవచ్చు. ప్రోగ్రాం తీసేసినా సర్టిఫికెట్ అలాగే ఉండిపోయేది.

అదే ఏడాది నవంబరులో కొన్ని డెల్ కంప్యూటర్లలోనూ ఇలాంటి సర్టిఫికెట్ బయటపడింది, కీతో సహా.

లెనోవో 2017లో అమెరికాలో 32 రాష్ట్రాలకు 35 లక్షల డాలర్లు కట్టి సూపర్‌ఫిష్ కేసు తేల్చుకుంది.

కొత్తది కొన్నవాళ్లు ముందు యాప్‌ల జాబితా తెరిచి చూడండి. అక్కర్లేనివి తీసేయండి. మీ ల్యాప్‌టాప్‌తో ఏమేం వచ్చాయో ఇక్కడ రాయండి.