బెంగుళూరు ప్రయాణము – పైలటు పరీక్షకు ఉడుపులు

మన యిండ్లలో ఏ పనికై ప్రయాణము కట్టినను మొట్టమొదట పుట్టు ప్రశ్న "ఏ చీర కట్టుకొందును?" అనునదియే. పెండ్లికి పట్టుచీర, వ్రతమునకు మడిచీర, పరామర్శకు సాదాచీర, వేసవి ప్రయాణమునకు నేతచీర అని మన తల్లులును అత్తలును వాడుకలోనే నేర్పియున్నారు. కాని విమానము నడుప నేర్వబోవు ఆడుపిల్ల వైద్యపరీక్షకు పోవునపుడు ఏమి ధరింపవలెనో చెప్పగల పెద్ద మా యింట లేకపోయెను. 2023 ఫిబ్రవరిలో మా ఆడపడుచు కొమార్తె యీ పరీక్షకై బెంగుళూరు పోవలసి వచ్చినది. మావారికి బడి సెలవు దొరకలేదు. పిల్ల తండ్రికి పొలము పనులు. కావున తోడుగా నేను బయలుదేరితిని. అచట కన్నవియు విన్నవియు సోదరీమణులకు ఉపయోగపడునని వ్రాయుచున్నాను.

ముందుగా పరీక్ష సంగతి. దేహము సరిగా నున్నదని తెలుపు పత్రము లేనిదే మన దేశమున ఎవరికిని విమానము నడుపు అనుమతి లభింపదు. నేర్చుకొన నారంభించుటకు రెండవ తరగతి పత్రము చాలును. జీతము గొని విమానము నడుపు ఉద్యోగమునకు మొదటి తరగతి పత్రము తప్పదు. అది యొకసారి దొరకినను శాశ్వతము కాదు. సామాన్యముగా పండ్రెండు మాసములకును, అరువది యేండ్లు దాటినవారికి ఆరు మాసములకును మరల పరీక్ష జరుగుచుండును. కావున శిక్షణకు రుసుము చెల్లింపకమునుపే మొదటి తరగతి పరీక్ష చేయించుకొనుట మేలు. మాకు తెలిసిన యొక కుటుంబమువారు పొలము తాకట్టు పెట్టి ముందుగా రుసుము కట్టి, పిమ్మట పిల్లవానిని పరీక్షకు పంపిరి. అతనికి ఎరుపు ఆకుపచ్చల భేదము సరిగా తెలియదని అపుడు బయటపడెను. పిల్లవాడు ఇంటికి వచ్చెను గాని పొలము రాలేదు. ఈ లోపము ఆడువారిలో మిక్కిలి అరుదు, మగవారిలో హెచ్చు. తల్లినుండి కొడుకునకు తెలియకయే సంక్రమించును.

ప్రయాణమునకు ముందునాడు మా వదినె కుమార్తె పెట్టెలో కంచిపట్టు లంగా ఓణీలు, ముత్యాల హారము, జూకాలు సర్దియుంచినది. కన్నులద్దములు మాత్రము తీసివేసి, కంటిలో నుంచుకొను కటకముల డబ్బీ పెట్టినది. "పదిమంది దొరల యెదుట నిలువబోవు పిల్ల, చూపులకు లోపములేక కనబడవలదా?" అని యామె వాదము. ఆమెను తప్పుపట్టజాలను. మనకు తెలిసిన పరీక్ష పెండ్లిచూపులొక్కటియే. అందు ఉడుపులు పొట్టిని పొడవుగా, నలుపును చామనచాయగా చూపుటకు ఏర్పడినవి. ఈ పరీక్షలోని ఉడుపులు దేహము ఎట్లున్నదో అట్లే తెలియుటకు అడ్డురాకుండవలెను. ఈ యొక్క భేదము గ్రహించినచో తక్కిన వన్నియు వాటంతట అవియే తెలియును.

రాజమహేంద్రవరమున సాయంకాలము శేషాద్రి యెక్స్‌ప్రెస్సు ఎక్కితిమి. వంతెనమీద బండి పోవుచుండగా గోదావరికి నమస్కరించి ఒక రూపాయి విడిచితిని. పిల్ల పై బెర్తుమీద నిద్రించినది. నిద్ర చాలనిచో మరునాడు రక్తపుపోటు హెచ్చుగా కనబడునని తెలిసి, పరీక్షకు ఒకదినము ముందుగానే చేరునట్లు బయలుదేరితిమి. తెల్లవారి జోలార్‌పేట దాటిన పిమ్మట బండి మెల్లమెల్లగా పీఠభూమి నెక్కును. తమిళదేశపు పేర్లు చదివి చదివి అలసిన కన్నులకు కుప్పము స్టేషనులో మరల తెనుగక్షరములు కనబడినవి. అచటినుండి గాలియే వేరు. బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల యెత్తున నున్నది. ఫిబ్రవరి మాసపు ఉదయమున మా కోనసీమ రవికలకు ఆ చలి ఆగదు. సన్నని శాలువ యొకటి చేతిలో నుంచుకొనుడు.

నగరమునకు తూర్పున పాత విమానాశ్రయపు రోడ్డు కలదు. ఆ ప్రాంతమునకు విమానపుర మని పేరు. 1940 లో వాల్‌చంద్ హీరాచంద్ గారు మైసూరు సంస్థానమువారి సాయముతో ఇచట విమానముల కర్మాగారము స్థాపించిరి. 2008 మే మాసమున దేవనహళ్ళి వద్ద క్రొత్త విమానాశ్రయము తెరచినపుడు సామాన్య ప్రయాణికుల విమానములు అటు తరలిపోయినను, ఇచటి ఆకాశమున రొద తగ్గలేదు. కర్మాగారమువారి ప్రదర్శనశాలలో, ఆరుబయట, మన దేశమున నిర్మించిన పాత విమానములు రెక్కలు చాచి నిలిచియున్నవి. పిల్ల వాని నడుమ గుడిలో ప్రదక్షిణము చేసినట్లు తిరిగినది.

ఆ దారిలోనే వాయుసేనవారి వైమానిక వైద్యసంస్థ యున్నది. 1957 లో ఏర్పడిన యీ సంస్థలో మనుష్యుని గిరగిర త్రిప్పి దేహము ఎంత బరువు నోర్చునో చూచు యంత్రము కలదు. గగనయాన్ కార్యమునకై వ్యోమగాములను ఎన్నుకొన్నపుడు వారి దేహపరీక్షలు ఇచటనే జరిగినవి. మొదటి తరగతి పరీక్ష జరుగు స్థలములు ఇంకను కలవు. తమకు ఏది అనుకూలమో ముందుగా విచారించి, దినము నిశ్చయించుకొని పోవలెను. తోడు వచ్చినవారు వెలుపలనే కూర్చుండవలెను. కనుక లోపలి సంగతులు పిల్ల చెప్పగా విన్నవి.

మన కావ్యములలో నాయికను కేశములు మొదలు పాదములవరకు వర్ణించుట ఆచారము. నేనును ఆ క్రమమునే పాటింతును. అలంకరించుటకు గాక అలంకారములు తీయుటకు.

తలకు ముందునాడే స్నానము చేసి నూనె లేకుండ ఒంటిజడ వేసికొనవలెను. పూలు వలదు, ఎత్తైన కొప్పు వలదు. పొడవు కొలుచు బల్లకు కొప్పు అడ్డు వచ్చును. మెదడు పరీక్ష చేయవలసి వచ్చినచో తలకు అంటించు తీగలు నూనెపై నిలువవు.

కన్నులకు కాటుక పెట్టవలదు. కంటిలోని కటకములు కనుపాప ముందరి పొర ఆకారమునే కొంత మార్చును గనుక, వైద్యుడు చెప్పినన్ని దినములు ముందే వానిని మానవలెను. కన్నులద్దములును, వాని చీటియు వెంట నుంచుకొనుడు. రంగుటద్దములు పనికిరావు. చుక్కల నడుమ దాగిన అంకెలను చదివించు పుటలు చూపుదురు. జపాను వైద్యుడు ఇషిహారా గారు 1917 లో ప్రకటించిన పద్ధతి యది. అద్దములున్నంత మాత్రమున తిరస్కరింతురను భయము వలదు. అద్దములతోనైనను ఒక్కొక్క కన్ను 6/9, రెండును కలిసి 6/6 చూడగలిగిన చాలునని అంతర్జాతీయ నియమము.

చెవులకు జూకాలు, మాటీలు తీసివేయవలెను. నిశ్శబ్దపు గదిలో చెవులపై గట్టిగా అమరు డొప్పలు పెట్టి, సన్నని నాదము వినబడగనే మీట నొక్కుమందురు. కొన్ని దినములు ముందుగా చెవివైద్యునిచే గులిమి తీయించుకొనుట మంచిది. గులిమి యున్నచో చెవిపొర కనబడదు. ముందునాడు చెవులు దద్దరిల్లు పాటలు వినరాదు. ముక్కు మూసికొని గాలి బిగబట్టుమనియు అడుగుదురు. ఎత్తున గాలి యొత్తిడి మారునపుడు చెవిపొర కదలునో లేదో అందువలన తెలియును.

మెడలో లోహ మేదియు ఉండరాదు. ఎక్స్‌రే పటములో గొలుసు నీడ ఊపిరితిత్తులపై పడును. వివాహితలు పుస్తెలు తీయుటకు సంకోచింతురు. మన యిండ్లలో పుస్తెలు బాగుచేయించునపుడు పసుపుతాటికి పసుపుకొమ్ము కట్టుకొను ఆచారము కలదు గదా! ఆ ఉపాయమే యిచటను పనికివచ్చును. గుండె పరీక్షకు రొమ్మునకును, మణికట్టులకును, చీలమండలకును తీగలు అంటింతురు. కావున ముందువైపు బొత్తాములున్న వదులు చొక్కా శ్రేష్ఠము. ఒంటికి నూనె, లేపనము రాచుకొనరాదు. లోపలి వస్త్రములకు లోహపు కొక్కెములు లేకున్న మరియు సులువు.

చేతులు వదులుగా పైకి మడుచుకొనునట్లుండవలెను. రక్తపుపోటు కొలుచుట, రక్తము తీయుట మోచేతి దగ్గరనే. గాజులు వలదు. గోళ్ళ రంగు తుడిచివేయవలెను. వ్రేలికి తగిలించు చిన్న యంత్రము గోరుగుండ వెలుగు పంపి ప్రాణవాయువును కొలుచును. రక్తపరీక్షకు పరగడుపున రమ్మందురు గనుక ఇంటి ఫలహారము సంచిలో నుంచుకొనుడు.

నడుమునకు ఒంటి గౌను గాక రెండు వేరు వేరు ఉడుపు లుండవలెను. అపుడు కడుపు పరీక్షకు చొక్కా కొంచెము తొలగించిన చాలును. బిగువు చుడీదారు మోకాలిపైకి రాదు. వదులు సల్వారు వచ్చును. వెంట నూలు ఓణీ యొకటి యున్నచో పరీక్షల నడుమ కప్పుకొనవచ్చును. పురుషవైద్యుడు పరీక్షించునపుడు దగ్గర నొక స్త్రీ యుండవలెనని అడుగుటకు సిగ్గుపడవలదు. బహిష్టు దినములలో మూత్రపరీక్ష ఫలితము చెడును. ఆ దినములు తప్పించి పోవుట, కానిచో ముందే చెప్పుట మంచిది.

పాదములకు తేలికగా విప్పదగిన చెప్పులు చాలును. కాని కదలు పట్టామీద నడిపించి గుండెను చూచు పరీక్ష యుండవచ్చును గనుక, మేజోళ్ళును గుడ్డ బూట్లును సంచిలో నుండవలెను.

"మరి చీర కట్టరాదా?" అని మా వదినె అడిగినది. చీర విమానమునకు శత్రువు కాదు. సరళా ఠక్రాల్ గారు 1936 లో, ఇరువదియొకటవ యేట, లాహోరులో చీర కట్టుకొనియే జిప్సీ మాత్ విమానము నడిపి, అనుమతిపత్రము పొందిరి. తరువాత ప్రేమ్ మాథుర్ గారు మన హైదరాబాదు దక్కన్ ఎయిర్‌వేస్‌లో పైలటుగా చేరిరి. నేడు మన దేశపు పైలట్లలో నూటికి సుమారు 15 మంది స్త్రీలే. కాని పరీక్షాదినమున ఆరుగజముల చీర పదిసార్లు విప్పి కట్టుట యెవరికిని సుఖము కాదు. చీర తిరుగుప్రయాణమునకు ఉంచుకొనవచ్చును.

ఉడుపుల సంగతి యింతటితో ముగిసెను. కష్టమంతయు కాగితము దగ్గర వచ్చినది. పరీక్షకు ముందు నింపవలసిన పత్రములో, చిన్ననాటినుండి కలిగిన జబ్బులన్నియు వ్రాయుమని యుండును. మా పిల్లకు తొమ్మిదవ యేటివరకు ఉబ్బసము. వెనుక పది సంవత్సరములుగా దాని జాడ లేదు. "అది మాత్రము వ్రాయకు తల్లీ" అని తండ్రి సాగనంపుచు చెప్పియుండెను. ఆయన భయము నాకు తెలియును. ఆ పిల్ల చదువునకై కొబ్బరితోట అమ్మకమునకు బేరము పెట్టియున్నాడు.

రాత్రి సత్రపు గదిలో పిల్ల కలము పట్టుకొని, "అత్తయ్యా, వ్రాయకున్న ఎవరికి తెలియును?" అని అడిగినది.

నాకు కిష్కింధాకాండ చివరి ఘట్టము జ్ఞప్తికి వచ్చినది. సముద్రపుటొడ్డున వానరులు తమ తమ శక్తి చెప్పుకొనిరి. గజుడు పది యోజనములనెను, గవాక్షుడు ఇరువది యనెను. వృద్ధుడైన జాంబవంతుడు తొంబది మాత్రమే దాటగలననెను. అంగదుడు నూరు దాటగలను గాని తిరిగివచ్చుట సందేహమనెను. యువరాజునకు ఆ మాట చెప్పుట ఎంత కష్టమో! ఒక్కడు గొప్పకు పోయి అబద్ధమాడియున్నచో సీతమ్మ జాడ సముద్రము పాలై యుండెడిది. ఈ కథ పిల్లకు చెప్పి, "నీ వెనుక కూర్చుండు నూటయేబది మందికి తెలియకపోవచ్చును. నీ ఊపిరికి తెలియును" అంటిని. మరి బలవంతపెట్టలేదు. చాలసేపు కూర్చుండి వ్రాసినది.

మరునాడు వైద్యులు ఆ పంక్తి చూచి ఊపిరి కొలుచు పరీక్షలు మరి రెండు చేయించిరి. సాయంకాలము వెలుపలికి వచ్చిన పిల్ల ముఖము వాడియుండెను. ఫలితము వెంటనే తెలియలేదు. ఇంటికి వచ్చిన పిమ్మట తండ్రి నాతో వారము దినములు మాటలాడలేదు. కొన్ని వారములకు ఉత్తరువు వచ్చినది. దేహము యోగ్యమనియు, కన్నులద్దములు ధరించి నడుపవలెననియు, మరియొక జత చేరువ నుంచుకొనవలెననియు అందున్నది. ఆ తరువాతనే తోట బేరము స్థిరపరచిరి.

సోదరీమణులారా, మీ యింటి ఆడుపిల్ల యీ పరీక్షకు పోవునపుడు హారములు బీరువాలో నుంచుడు. వదులు నూలు ఉడుపులు, అద్దములు, గుడ్డ బూట్లు, ఫలహారపు డబ్బీ, సన్నని శాలువ, పాత వైద్యుల చీటీలు పెట్టెలో సర్దుడు. పత్రముపై నిజము వ్రాయుటకు ధైర్యము గూడ ఇచ్చి పంపుడు. అది పెట్టెలో సర్దదగినది కాదు, మన నోటి మాటతో ఇయ్యదగినది. ఒకవేళ అయోగ్యురాలని తేలినను, నేలమీద తెలియుట మేలు.