స్క్రీన్ పాడవలేదు



పాడేరు దగ్గర మాది చిన్న ఊరు. మిరియాలు అమ్మిన డబ్బుతో నాన్న నాకు సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్నాడు. నెల తిరగకముందే స్క్రీన్ దానంతటదే మసకబారుతోంది. షాపులో చూపిస్తే డిస్‌ప్లే మార్చాలి, ఐదు వేలు అన్నారు. నాన్నకి ఫోన్ చేశాను గానీ నోరు రాలేదు. "తిన్నావా" అంటే తిన్నానని పెట్టేశా.

ఆ రాత్రి ఒకటి గమనించాను. తెల్లటి వర్డ్ ఫైల్ తెరిస్తే వెలుగు బానే ఉంది. నల్లటి కోడింగ్ విండో తెరిస్తేనే తగ్గుతోంది. ఛార్జర్ పెడితే అసలు తగ్గట్లేదు. మా రూంలో ఆరుగురికీ ఒకటే ప్లగ్, అందుకే ఎప్పుడూ బ్యాటరీ మీదే నడుపుతా. పాడైన స్క్రీన్‌కి నలుపు తెలుపు తేడా ఎలా తెలుస్తుంది?

విండోస్ 11 సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, అక్కడ బ్రైట్‌నెస్ పక్కనున్న బాణం నొక్కాను. 'చేంజ్ బ్రైట్‌నెస్ బేస్డ్ ఆన్ కంటెంట్' అని ఉంది. 'ఆన్ బ్యాటరీ ఓన్లీ'లో ఉంటే ఆఫ్ చేశా. అంతే, సరిపోయింది. అన్ని లాప్‌టాప్‌లలో ఇది కనిపించదు. ఎనర్జీ సేవర్ కూడా వెలుగు తగ్గిస్తుంది, షాపుకి వెళ్లేముందు రెండూ చూసుకోండి.

పొద్దున నాన్నే ఫోన్ చేశాడు. "నిన్న ఏదో చెప్పబోయావు కదా" అన్నాడు.

ఏం లేదు నాన్నా, అన్నాను.