సముద్రం మీద సంకల్పం

యాత్ర అనగానే మన పెద్దలకు స్ఫురించేది క్షేత్రం, తీర్థం, దైవదర్శనం. నేటి తరానికి విహారం కూడా యాత్రయే. ఈ రెంటి నడుమ వైరం లేదు. అయితే ఇల్లు కదిలిన గృహస్థు తన నిత్యకర్మను, తనవారి ప్రాణరక్షణను ఇంటివద్దనే విడిచి వెళ్ళరాదు. శామీర్‌పేట నుండి ఓడప్రయాణానికి వెళ్ళివచ్చిన ఒక కుటుంబపు అనుభవం ఈ విషయంలో ఆస్తికులందరికీ ఉపకరిస్తుంది.

ఆ ఇంటి పెద్దాయన విశ్రాంత సంస్కృతాధ్యాపకుడు. త్రికాల సంధ్య, దేవతార్చన విడువని నియమం ఆయనది. పూజామందిరంలో నలభై ఏండ్లుగా అఖండదీపం వెలుగుతున్నది. కుమారుడు జీనోమ్ వ్యాలీలోని ఒక ఔషధ సంస్థలో ఉద్యోగి. మనుమడు ఆగస్టులో ఉన్నత విద్యకై అమెరికా వెళ్ళవలసి ఉన్నది. "వాడు వెళ్ళేలోగా మూడు రోజులు మనమంతా ఒక్కచోట ఉండాలి, ఎవరి ఫోనూ మోగకూడదు" అన్నది ఇల్లాలి కోరిక. మోకాళ్ళ నొప్పులవల్ల కొండలెక్కలేని ఆమెకు, నడక అక్కరలేని ఓడప్రయాణం అనువుగా తోచింది. పుట్టినది మొదలు శామీర్‌పేట చెరువును మించిన జలరాశిని ఆమె చూడలేదు. విశాఖ నుండి చెన్నపట్టణానికి రెండు రాత్రుల ప్రయాణం. కుమారుడు టిక్కెట్లు తీసుకోబోగా పెద్దాయన వారించారు.

వెళ్ళవచ్చునా?

ఆయన సందేహం నిరాధారం కాదు. బౌధాయన ధర్మసూత్రం పతనీయ కర్మలలో సముద్రయానాన్ని ముందుగా పేర్కొన్నది. కలివర్జ్యాలలోనూ ద్విజుని సముద్రయానం ఉన్నది. 1888లో లండన్ ప్రయాణం కారణంగానే గాంధీ మహాత్ముని ఆయన కులపెద్దలు వెలివేశారు. మరొకవైపు ఋగ్వేదం ప్రథమ మండలంలోనే, నడిసంద్రంలో చిక్కిన భుజ్యుని అశ్వినీదేవతలు నూరు తెడ్ల నావలో తీరం చేర్చిన వృత్తాంతం ఉన్నది. సముద్రయాన కుశలులైన వర్తకులను మనుస్మృతి అష్టమాధ్యాయం ప్రస్తావిస్తున్నది. శ్రీయజ్ఞ శాతకర్ణి నాణెములపై రెండు తెరచాపకొయ్యల ఓడ నేటికీ కానవస్తుంది.

పెద్దాయన తనకు అధ్యయనం చెప్పిన వృద్ధ గురువును ఆశ్రయించారు. ఆయన సమాధానం సంక్షిప్తం: "నిషేధానికి మూలం నీటిపై ద్వేషం కాదు నాయనా. అగ్ని, శౌచం, కాలనియమం తప్పుతాయన్న భయం. నీవు శ్రౌతాగ్నులు ఉంచుకున్నవాడవు కావు. మన తీరం వెంటనే పోయి మన తీరాన్నే దిగుతున్నావు. సంధ్య తప్పకుండా చూసుకో, వెళ్ళిరా." ఇది ఆ శిష్యునికి ఆ గురువు ఇచ్చిన అనుజ్ఞ. ఇతరులు తమ తమ ఆచార్యులను అడిగి తెలుసుకొనుట ఉచితం.

ఇక మిగిలినది ఇల్లాలి భయం. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు వద్ద గోదావరిలో బోటు మునిగిన వార్త ఆమె మనస్సులో ఇంకా పచ్చిగానే ఉన్నది. వరద ఉద్ధృతంగా ఉన్న ఆ దినాన 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. మృతులలో తెలంగాణ నుండి విహారానికి వెళ్ళినవారు అనేకులు. "అది నది, ఇది పెద్ద ఓడ" అని కుమారుడు నచ్చజెప్పబోతే పెద్దాయన ఆపారు. "ఓడ పెద్దదని ధైర్యం చెప్పకు. రక్షణకు ఏమేమి చేయాలో తెలుసుకొని, అది మీ అమ్మకు చెప్పు" అన్నారు.

బయలుదేరే ముందు

దీపం సంగతి మొదట తేలింది. ఏ విహారనౌకలోనూ దీపం, కర్పూరం, అగరువత్తి వెలిగించరాదు. నడిసముద్రంలో అగ్నిప్రమాదాన్ని మించిన ఆపద లేదు గనుక ఈ నియమాన్ని ధర్మంగానే స్వీకరించాలి. మేడ్చల్‌లో ఉన్న పెద్దాయన చెల్లెలు వచ్చి "అన్నయ్యా, దీపం నాకు వదిలిపెట్టు, నిశ్చింతగా వెళ్ళు" అని ఆ నాలుగు రోజులూ ఇంట ఉండిపోయింది. సముద్రం మీద ఆయనకు మానసపూజయే.

తక్కిన ఏర్పాట్లు కోడలు చేసింది. వాటిని ఇక్కడ చెప్పుకొనుట మేలు.

ఓడ కదిలేది సాయంకాలమే అయినా ఒక దినం ముందుగా విశాఖ చేరాలి. రైలు ఆలస్యమైతే ఓడ ఆగదు. ఆ ఒక్క దినం వీరికి సింహాచల దర్శనం లభించింది. గుర్తింపు పత్రాల అసలు ప్రతులు, నిత్యం వేసుకొనే మందులు, ఒక జత ధౌతవస్త్రాలు చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలను నౌకాసిబ్బంది తీసుకొని, గదికి చేర్చేసరికి కొన్ని గంటలు పట్టవచ్చు.

గది ఎన్నుకొనేటప్పుడు ఓడ మధ్యభాగంలో, క్రింది అంతస్తులలో తీసుకోవాలి. ఊపు అక్కడ తక్కువ. వృద్ధులుంటే లిఫ్టుకు దగ్గరగా అడగాలి. తల తిరిగినప్పుడు గదిలో పడుకోక, పైకి వచ్చి దిగంతరేఖను చూస్తూ కూర్చోవాలి. శొంఠి కొందరికి ఉపశమనం ఇస్తుంది. మాత్రలు వైద్యుని అడిగి, ఓడ కదలకముందే తీసుకోవాలి. జ్యేష్ఠమాసం దాటిన కొద్దీ నైరుతి గాలుల బలం పెరుగుతుందని గుర్తుంచుకోవాలి.

ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం కావలసినవారు ఆ మాట టిక్కెట్టు తీసుకొనేటప్పుడే వ్రాయించాలి. భారతీయ యాత్రికుల నౌకలలో జైనభోజనం అడిగితే చాలావరకు ఈ నియమం నెరవేరుతుంది. రెండవనాడు ఏకాదశి కావడంతో పెద్దాయనకు ఫలాలు, పాలు చాలినవి. తీరం దూరమైన పిదప ఫోను సంకేతం అందదు. కనుక ఇంటివద్ద ఉన్నవారికి ప్రయాణ వివరాలన్నీ కాగితం మీద వ్రాసి ఇవ్వాలి. నిర్మాల్యం, పూలు, నాణెములు, మరేదైనా సముద్రంలో విసరరాదు. ప్లాస్టిక్కును ఏ సముద్రంలోనూ పారవేయరాదని అంతర్జాతీయ నియమం. జలాన్ని దైవంగా భావించేవారికి ఆ నియమం వేరొకరు చెప్పవలసినది కాదు.

గంట మ్రోగిన వేళ

ఓడ కదలబోయే సాయంకాలం ఒక పరీక్ష ఎదురైంది. పెద్దాయన కాళ్ళు కడుగుకొని సాయంసంధ్యకు కూర్చోబోతుండగా భద్రతా కవాతుకు పిలుపు వచ్చింది. ఏడు చిన్న కూతలు, ఒక పెద్ద కూత. ప్రయాణికులందరూ తమకు నిర్దేశించిన చోట చేరాలని ఆ సంకేతానికి అర్థం. "మామయ్యగారూ, మీరు సంధ్య కానివ్వండి, మేము వెళ్ళి వింటాము" అన్నది కోడలు. ఇల్లాలు మాట్లాడలేదు, ఆయన ముఖం వైపు చూసింది.

ఈ కవాతు వెనుక ఒక విషాదం ఉన్నది. 2012 జనవరి 13న ఇటలీలోని జిల్యో ద్వీపం వద్ద కోస్టా కాంకోర్డియా నౌక బండను తాకి ఒరిగిపోయి 32 మంది మరణించారు. ఆ సాయంకాలమే ఓడ ఎక్కిన వందలాది ప్రయాణికులకు అప్పటికి కవాతు జరుగలేదు. బయలుదేరిన 24 గంటలలోగా జరిపితే చాలునన్నది నాటి నియమం. ఆ పిదప, ఓడ కదలకముందో కదిలిన వెంటనేనో జరిపి తీరాలని నియమం మార్చారు.

పెద్దాయన ఆచమన పాత్రను పక్కన పెట్టి లేచారు. "సంధ్యకు కాలం దాటితే ప్రాయశ్చిత్తార్ఘ్యం ఉన్నది. దీనికి ఏమున్నది?" అన్నారు. ఉత్తరీయం నడుముకు బిగించి, సిబ్బంది చూపిన విధంగా రక్షణకవచం తొడుక్కున్నారు. భార్యకు స్వయంగా పట్టీలు బిగించారు. గది నుండి ఆ స్థలానికి మెట్లెన్నో మనుమరాలిచేత లెక్క వేయించారు. గదికి తిరిగివచ్చి, కాలాతిక్రమణకు విధించిన అర్ఘ్యంతో కలిపి సంధ్య పూర్తి చేశారు. ఆ రాత్రి ఇల్లాలు నిర్భయంగా నిద్రించింది.

నౌకలో దేశకాలాలు

మరునాటి తెల్లవారుజామున అసలు ప్రశ్న వచ్చింది. సంకల్పంలో దేశం ఏమని చెప్పాలి? శామీర్‌పేటలో ఆయన నిత్యం శ్రీశైలానికి వాయవ్యమని, కృష్ణా గోదావరుల మధ్యదేశమని చెప్పుకొనేవారు. విశాఖ శ్రీశైలానికి ఈశాన్యం. అది గోదావరికి ఉత్తరం గనుక అక్కడివారు గంగా గోదావరుల మధ్యదేశమంటారు. చెన్నపట్టణం ఆగ్నేయం, కృష్ణా కావేరుల నడుమ. మరి ఈ క్షణాన?

మేలుకొని వచ్చిన మనుమడు ఫోనులో ముందే దింపుకొన్న పటాన్ని తెరిచాడు. సంకేతం లేకున్నా ఉపగ్రహాల వలన స్థానం తెలుస్తుంది. "తాతయ్యా, మనం మచిలీపట్నం దాటుతున్నాం. శ్రీశైలానికి సరిగ్గా తూర్పున ఉన్నాం" అన్నాడు. ఎడమవైపు గోదావరీ ముఖాలు దాటిపోయాయా అని అడిగారు పెద్దాయన. "ఎడమ కాదు తాతయ్యా, తీరం మనకు కుడివైపు. గోదావరి వెనుకబడింది, కృష్ణ ఇంకా ముందున్నది." పెద్దాయన నవ్వి "సరిదిద్దావు" అన్నారు. శ్రీశైలానికి పూర్వదిగ్భాగంలో, మహోదధియందు, నౌకలో అని సంకల్పం చెప్పుకొన్నారు.

కాలం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. శామీర్‌పేట, విశాఖ దాదాపు ఒకే అక్షాంశంపై ఉన్నా, రేఖాంశం ఒక్కొక్క భాగకు 4 నిమిషాల చొప్పున విశాఖలో సుమారు 19 నిమిషాలు ముందుగా సూర్యోదయమవుతుంది. ఇంటి పంచాంగంలోని గడియను నమ్మి కూర్చుంటే అర్ఘ్యకాలం దాటిపోతుంది. సంకల్పం కేవలం పఠించేది కాదు. నేనెక్కడ ఉన్నాను, ఇది ఏ వేళ, నేనెవరిని అని కర్త తనను తాను తెలుసుకొనే ప్రక్రియ అది. ఓడ నడిపే నావికుడు అడిగేవి కూడా ఇవే ప్రశ్నలు. నిన్నటి కవాతులో సిబ్బంది నేర్పినదీ ఇదే.

ఉదయం తీరరేఖ వైపు చూపుతూ ఆయన మనుమలకు మోటుపల్లి కథ చెప్పారు. తుఫానుకు చెదరి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు బలాత్కారంగా లాగుకొనేవారు. కాకతీయ గణపతిదేవుడు 1244లో ఆ దురాచారాన్ని మాన్పి, నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకొనబోమని వర్తకులకు అభయశాసనం వేయించాడు. "ప్రాణాన్ని పణంగా పెట్టి వచ్చినవాని సొమ్ము ముట్టరాదని ఓరుగల్లు ప్రభువు సముద్రతీరంలో రాతిపై చెక్కించాడు. సముద్రధర్మం అంటే అది" అన్నారు.

మనుమడు చాలాసేపు మౌనంగా ఉండి "అమెరికాలో నేనేమని చెప్పుకోవాలి తాతయ్యా?" అని అడిగాడు. ఉపనయనమైన తరువాత రెండేండ్లకే వాడు సంధ్య మానివేశాడు. పెద్దాయన ఆ మాట ఎత్తలేదు. అక్కడి ఆలయాలలో అర్చకులు క్రౌంచద్వీపమని, రమణకవర్షమని సంకల్పం చెబుతారని వివరించారు. చెన్నపట్టణంలో దిగి తిరువల్లిక్కేణి పార్థసారథిని దర్శించినప్పుడు, ఎవరూ అడుగకుండానే వాడు ప్రవర చెప్పి తాతగారికి అభివాదం చేశాడు. ఒక ఋషి పేరు మరచి ఆగితే, ఇల్లాలు పక్కనుండి అందించింది.

వారు ఇల్లు చేరేసరికి దీపం నిశ్చలంగా వెలుగుతున్నది. ఆగస్టులో మనుమడు బయలుదేరిన దినాన పెద్దాయన వాని సంచిలో ఒక చిన్న పుస్తకం ఉంచారు. మొదటి పుటలో ఆ దేశానికి తగిన సంకల్పం వ్రాసి ఉన్నది. దాని క్రింద ఒక్క వాక్యం: "అక్కడి సూర్యోదయం అక్కడి లెక్కతోనే చూసుకో, ఇంటి గడియారంతో కాదు."

శుభం భూయాత్.