మైత్రీబాగ్ చెరువు నుంచి కళింగపట్నం దాకా

చిన్నప్పుడు మా భిలాయి సెక్టారు పిల్లలకి మైత్రీబాగ్ చెరువే సముద్రం. అసలు సముద్రం మా నాన్నల మాటల్లో ఉండేది. శ్రీకాకుళం, విజయనగరాల నుంచి భిలాయి ఉక్కు కర్మాగారానికి వచ్చినవాళ్లు కదా, సెలవు పెట్టినప్పుడల్లా అటే పరుగు.

మొన్న ఆరుగురం బయల్దేరాం. దుర్గ్‌లో తెల్లారకముందే వందే భారత్ (2024 సెప్టెంబరులో మొదలైంది). టిట్లాగఢ్, రాయగడ దాటాక కొండలు, సొరంగాలు. పార్వతీపురం వచ్చేసరికి బోర్డుల మీద తెలుగు. విజయనగరంలో దిగగానే మావాడొకడు పక్క పట్టా మీదికి వంగి చూశాడు. ‘సెయిల్’ అని అచ్చు కనపడితే, “చూశావా, మనూరిదే!” అన్నాడు. రైలు పట్టాలు చేసే ఊళ్లో పుట్టినవాళ్ల జబ్బది, మందు లేదు.

అక్కణ్ణుంచి జీపు. శాలిహుండం కొండెక్కి బౌద్ధస్తూపాల పక్కన నిలబడితే కింద వంశధార. ఆ నీళ్లే కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తాయి. సాయంత్రం అక్కడే, దీపస్తంభం వైపు ఇసకలో. ఛత్తీస్‌గఢీ మిత్రుడు నలభై ఏళ్లకి మొదటిసారి సముద్రం చూసి, దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని, “నిజంగానే ఉప్పే!” అన్నాడు. అందరం పడీపడీ నవ్వాం.

చేపలమ్మే పెద్దావిడ మా తెలుగు విని ఆగింది.
“ఏ ఊరు బాబూ మీది?”
“భిలాయి, అమ్మా.”
“మా మరిదీ అక్కడే పన్జేసేడు. ఇంకా అంత ఎండలేనా?”

బేరం ఆడబుద్ధి కాలేదు.