సాయిబు షెడ్డు

మా ఇంటికి ఊళ్లో వేరే గుర్తు లేదు. "సాయిబు షెడ్డు" అంటే చాలు. బడిలో నా పక్కన కూర్చోవాల్సొస్తే పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. అబ్బా చేతుల పెట్రోలు నా చొక్కాకూ అంటేది. ఆ వాసన వదిలించుకోవడానికే చదువుకున్నానేమో!

2021లో కరోనా అబ్బాను వదిలింది గానీ, వాసన తెలిసే శక్తిని పట్టుకుపోయింది. మొన్న మా పాత అంబాసిడర్ తలుపు తీస్తే గుప్పున పెట్రోలు. కంపెనీ 2014లోనే ఆ బండ్లు చేయడం మానేసింది, అబ్బా మాత్రం మానలేదు. నేను చెబితే నమ్మడానికి ఆయనకు కాసేపు పట్టింది. తర్వాత జేబులోని బీడీకట్ట తీసి దూరంగా పెట్టాడు. బ్యాటరీ తీగ ఊడదీశాడు.

"సూంఘ్ బేటా."

కార్బురేటర్ దగ్గర లేదు. ఆయిల్ చూసే కడ్డీ తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. పంపు లోపలి డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు ఇంజనాయిల్లోకి దిగుతుందట, బయటికి చుక్క కనబడదట. అక్కడా లేదు. ట్యాంకు నిండా కొట్టించిన రోజే కంపు ఎక్కువని అప్పుడు గుర్తొచ్చింది.

"ముందే చెప్పొద్దారా!" అని కసురుకుంటూ డిక్కీ వైపు నడిచాడు.

పెట్రోలు పోసే గొట్టాన్ని ట్యాంకుకు కలిపే రబ్బరు పైపు చుట్టూ తెల్లగుడ్డ తిప్పాను. తడి. వంచితే సన్నటి పగుళ్లు. ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్‌కు ఆనాటి రబ్బరు ఆగదు.

అబ్బా ఆ గుడ్డ తీసుకుని అలవాటుగా ముక్కుకు ఆనించుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత నా వేళ్ల వైపు చూసి, "సబ్బు పెట్టి కడుక్కో, కాలేజీకి ఈ వాసనతో పోతావా" అన్నాడు.